వైఫై నేర్చుకోవాలా, 5జీ నేర్చుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. వైఫై నెట్‌వర్కింగ్ నేర్చుకుంటానంటోంది. మొబైల్ డేటా ఇంత చవకగా ఉంటే వైఫైకి భవిష్యత్తు ఉంటుందా? 5జీ కోర్సులో చేర్పించడం మేలా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ సందేహం న్యాయమైనదేనండీ. 2016లో ముంబయి సెంట్రల్‌లో మొదలై 400కు పైగా రైల్వే స్టేషన్లకు చేరిన ఉచిత వైఫై నుంచి గూగుల్ 2020లో తప్పుకుంది. డేటా చవకైందన్నది అది చెప్పిన ఒక కారణం. కానీ దెబ్బతిన్నది బయట పంచే ఉచిత వైఫై. గోడల లోపలి వైఫైకి గిరాకీ తగ్గలేదు. మన దగ్గర 5జీ ఎక్కువగా నడిచే 3.5 గిగాహెర్ట్జ్ తరంగాలు కాంక్రీటు దాటేసరికి నీరసపడతాయి. అందుకే ఆసుపత్రులు, గోదాములు, హాస్టళ్లు సొంత వైఫై పెట్టుకుంటాయి. తీగ లేకుండా ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే, 2023లో వచ్చిన ఎయిర్‌ఫైబర్‌లో రెండూ కలిసే ఉన్నాయి: డాబా మీది పెట్టె 5జీ సిగ్నల్ అందుకుంటుంది, ఇంట్లో పంచేది వైఫై రూటర్. 'నెట్ స్లో' అని ఫోనొస్తే తప్పు టవర్ వైపుదా, రూటర్ వైపుదా తేల్చగల మనిషి కావాలి. మీ అమ్మాయి అలా తయారవ్వాలి.

ముందు సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) సిలబస్: ఐపీ అడ్రసింగ్ (పరికరాలకు నెట్‌వర్క్ చిరునామాలివ్వడం), వీలాన్ (ఒకే నెట్‌వర్క్‌ను విడి భాగాలుగా చేయడం), రూటింగ్ (డేటాకు దారి చూపడం). రోజుకు రెండు గంటల చొప్పున నాలుగైదు నెలలు పడుతుంది. కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్, నెట్‌వర్క్‌లో వెళ్లే సందేశాలను చూపే వైర్‌షార్క్ ఉచితమే. ఈ పునాది లేకుండా 5జీ కోర్సుకు డబ్బు కట్టకండి, 5జీ కోర్ (టవర్ల వెనక నెట్‌వర్క్‌ను నడిపే వ్యవస్థ) నడిచేదీ ఐపీ మీదే.

తర్వాత రెండు పాత యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ పంచే పెట్టెలు), ఒక పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ తీగలోనే వాటికి కరెంటూ ఇచ్చేది) కొనివ్వండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లే వాడాలి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటకూడదు. కాల్స్ కోసం ప్రతి మూలా సిగ్నల్ మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలం కొలత; సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ) కంటే తగ్గకూడదు. కొత్తవాళ్లు ఇక్కడే యాక్సెస్ పాయింట్ పవర్ మొత్తం పెంచేస్తారు. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తాయి గానీ, ఫోన్ రేడియోకు అంత బలం ఉండదు కాబట్టి దాని జవాబు తిరిగి చేరదు. అవతలివాళ్ల మాట వినిపిస్తుంది, మన మాట వాళ్లకు అందదు. పైగా పక్క గదిలోకి వెళ్లినా ఫోన్ పాత యాక్సెస్ పాయింట్‌నే పట్టుకు వేలాడుతుంది. పవర్ తగ్గించి పాయింట్లు పెంచడమే సరైన పద్ధతి.

నాలుగో సంవత్సరంలో లైనక్స్ ల్యాప్‌టాప్ మీద ఓపెన్5జీఎస్ (5జీ కోర్ సాఫ్ట్‌వేర్), యూఈర్యాన్‌సిమ్ (ఫోన్‌నూ టవర్‌నూ అనుకరించే సాఫ్ట్‌వేర్) వేసుకుంటే, టవర్ లేకుండానే ఫోన్ నెట్‌వర్క్‌లో నమోదయ్యే సందేశాలను వైర్‌షార్క్‌లో చూడొచ్చు. ఇవీ ఉచితమే. ఆ తర్వాతా 5జీ కోర్సు కావాలంటే, ప్రతి విద్యార్థికీ ల్యాబ్ ఇస్తారా అని అడగండి. స్లైడ్లే చూపిస్తామంటే చేర్పించొద్దు.