సివిల్ చదువుతూ ఎకాలజీ కలిసిన పట్టణ డిజైన్ వైపు ఎలా వెళ్లాలి?

నల్లగొండలో బీటెక్ సివిల్ మూడో ఏడు చదువుతున్నానని, ఎకాలజీని (జీవులకు, వాటి పరిసరాలకు ఉండే సంబంధాల శాస్త్రాన్ని), ఇంజనీరింగ్‌ను కలిపి పట్టణాలను డిజైన్ చేసే పని నేర్చుకోవాలని ఉందని, దానికి సరైన కోర్సు ఏదని, చదివాక ఉద్యోగం దొరుకుతుందా అని మీరు అడిగారు. నాది మహబూబ్‌నగర్. సివిల్ తర్వాత ఎన్విరాన్‌మెంటల్ ప్లానింగ్‌లో పీజీ చేశాను. ఇప్పుడు చిన్న పట్టణాల వరద కాలువలు, చెరువుల పనులు చూసే కన్సల్టెన్సీలో ఉన్నాను. అందుకే నేను చెప్పేదంతా నీళ్ల వైపు నుంచే ఉంటుంది. బిల్డింగుల వైపు వెళ్లినవాళ్లు వేరేలా చెప్పవచ్చు.

రెండూ చెరి సగం నేర్పే కోర్సు కోసం మాత్రం వెతక్కండి. ఒకదాంట్లో లెక్క తేల్చి సంతకం పెట్టేంత పట్టు ఉండాలి. రెండోదాంట్లో అవతలివాళ్లు చెప్పేది అర్థమై, ఎదురు ప్రశ్న వేయగలిగేంత తెలిస్తే చాలు. మీరు ఎలాగూ సివిల్‌లో ఉన్నారు కాబట్టి హైడ్రాలజీ (వాన నీళ్ల లెక్క), హైడ్రాలిక్స్ (నీళ్ల పారుదల లెక్క) గట్టిగా పట్టుకోండి. మన కాలేజీల్లో అందరూ స్ట్రక్చర్స్ మీద పడి ఈ రెండింటినీ పాస్ మార్కులకు చదివి వదిలేస్తారు.

ఒక హెక్టారు స్థలంలో గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున వాన దంచుతోందనుకోండి. అంతా డాబాలు, సిమెంటు రోడ్లే అయితే రన్ఆఫ్ కోఎఫిషెంట్, అంటే కురిసిన వానలో పారిపోయే వంతు, 0.9 వేసుకుంటాం. సెకనుకు 125 లీటర్లు కాలువలో పడతాయి. అదే స్థలం గడ్డి, చెట్లు, వదులు నేలగా ఉండి 0.3 వేసుకుంటే 42 లీటర్లే. ఇది రేషనల్ మెథడ్, మీ సిలబస్‌లో ఉన్నదే. చెట్లు పెంచాలండీ అని చెబితే మునిసిపల్ ఇంజనీరు తలూపి పంపించేస్తారు. ఈ ఖాళీ జాగా ఇలాగే ఉంటే కింది కల్వర్టు ఎంత తగ్గుతుందో లెక్క చూపిస్తే కుర్చీ వేసి అడుగుతారు. అయితే ఆ 0.3ను కళ్లు మూసుకుని వాడకూడదు. పాలమూరు ఎర్రనేలల్లో చాలాచోట్ల కొద్ది లోతులోనే మొరం, బండ తగులుతాయి. ముసురు పట్టి రోజుల తరబడి కురిశాక నేల ఇక తాగదు. నేల సంగతి తెలియనివాడి చేతిలో ఫార్ములా ప్రమాదం. ఎకాలజీ అవసరం మొదట ఇక్కడే పడుతుంది.

నాకు ఆ అవసరం సరిగ్గా అర్థమైంది ఒక చెరువు పనిలో. ఊరు పేరు వద్దు. చుట్టూ రింగ్ బండ్ (కట్ట), దాని మీద నడక దారి, లోపలి వైపు అంతటా రాతి పరుపు అని డ్రాయింగ్ వచ్చింది. మాతో పనిచేసే ఎకాలజిస్ట్ అక్క ఎగువ వైపు నిలబడి, ‘ఇటు కట్ట ఎందుకు?’ అని అడిగింది. అసలు కట్ట దిగువన ఉంది, అలల దెబ్బ తగిలేది దానికే, రాతి పరుపు కావాల్సింది కూడా దానికే. ఎగువ వైపు నుంచి పొలాల నీళ్లు, కాలనీల నీళ్లు పరుచుకుని వచ్చి చెరువులో కలుస్తాయి. అక్కడ కట్ట పోస్తే వాటికి రెండు పైపులే దారి. ఆ పైపుల్లో ఎంత పడుతుందో, పైనుంచి ఎంత వస్తుందో పక్కపక్కన రాసి చూపించాను. పెద్ద వానకు కాలనీ మునగడం ఖాయమని తేలింది. ఆమె చూసింది మాత్రం నీళ్లు ఎక్కి దిగే ఆ పల్చటి అంచును. తుంగ, జమ్ము మొలిచేది, కొంగలు, నీటికోళ్లు మేసేది, కప్పలు గుడ్లు పెట్టేది అక్కడే. చివరికి డ్రాయింగ్‌లోంచి ఎగువ వైపు కట్ట తీసేశారు, నడక దారి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) బయటికి జరిగింది. నా లెక్క లేకపోతే ఆమె మాట నిలిచేది కాదు. ఆమె అడగకపోతే నేను పైపుల సైజు పెంచి ఊరుకునేవాణ్ని.

ఎకాలజీ వైపు నుంచి వచ్చే ఆలోచనలకూ ఇలాగే లెక్క తగలాలి. మురుగును జమ్ము, తుంగ పెంచిన మడుగుల్లోంచి పారించి శుభ్రం చేయవచ్చని ఎక్కడ చూసినా ఉంటుంది. నిజమే. కానీ మనిషికి సుమారుగా ఒకటి రెండు చదరపు మీటర్ల చోటు కావాలి. 5,000 మంది ఉన్న కాలనీ అంటే ఎకరంపావు నుంచి రెండున్నర ఎకరాల దాకా. గజాల్లెక్కన అమ్ముడుపోయే చోట అంత జాగా ఎవరిస్తారు? చెరువు శిఖంలో (నీళ్లు నిలిచే భూమిలో) మురుగు వచ్చి కలిసే మూల దొరికితే దొరకాలి. ఇంకొకటి, పెరిగిన జమ్మును ఎప్పటికప్పుడు కోసి బయట వేయాలి. లేదంటే అది అక్కడే కుళ్లి, పీల్చుకున్న నైట్రోజన్, ఫాస్ఫరస్ మళ్లీ నీళ్లలోకే వస్తాయి. కోసేదెవరు, కూలి ఎవరిస్తారు అన్నది కూడా డిజైన్‌లో భాగమే.

ఈ దారిలో నడిచిన మనిషిని చూడాలంటే ధ్రువజ్యోతి ఘోష్ గురించి చదవండి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వంలో ఇంజనీరు, ఎకాలజీలో పీహెచ్‌డీ. 1980లలో కోల్‌కతా మురుగు ఏమవుతోందో వెతుక్కుంటూ నగరానికి తూర్పున ఉన్న చేపల చెరువుల దాకా వెళ్లారు. లోతు తక్కువ నీళ్లలో ఎండకు నాచు పెరుగుతుంది, నాచు ఇచ్చే ఆక్సిజన్‌తో బ్యాక్టీరియా మురుగును కరిగిస్తుంది, నాచును చేపలు తింటాయి. యంత్రం లేకుండా బెస్తవాళ్లు నడుపుతున్న శుద్ధి కేంద్రం అదని ఆయన లోకానికి చూపించారు. సుమారు 12,500 హెక్టార్ల ఆ ప్రాంతం 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల్లో చేరింది.

మీకు కోల్‌కతా దాకా అక్కర్లేదు, మూసీ ఉంది. హైదరాబాద్ మురుగు మోసుకుని భువనగిరి మీదుగా వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేలోపు కత్వల (చిన్న ఆనకట్టల) దగ్గర ఆగుతూ, వరి మళ్లలో పారుతూ కొంత తేరుకుంటుంది. ఉప్పు, ఫ్యాక్టరీల రసాయనాలు మాత్రం అలా పోవు. ఏది పోతుంది, ఏది పోదు, ఎందుకు పోదు అన్నది తెలిస్తే ఈ సబ్జెక్టు సగం వచ్చినట్టే.

ఇక కోర్సులు. సివిల్ వాళ్లకు దగ్గరి దారి ప్లానింగ్ పీజీ. విజయవాడ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఎన్విరాన్‌మెంటల్ ప్లానింగ్ అండ్ మేనేజ్‌మెంట్‌లో ఎం.ప్లాన్ (ప్లానింగ్ పీజీ) ఉంది, దానికి సివిల్ వాళ్లూ వెళ్లవచ్చు. ఇంజనీరింగ్‌లోనే ఉండాలనుకుంటే వరంగల్ ఎన్‌ఐటీలో వాటర్ రిసోర్సెస్ ఎం.టెక్ మంచిది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌కు మామూలుగా బీ.ఆర్క్ అడుగుతారు, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఎం.టెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ పేపర్ కూడా పెట్టారు. సివిల్‌తో పాటు రెండో పేపర్ రాసే వీలుంటుందేమో ఆ ఏడు బ్రోచర్‌లో చూసుకోండి. రాయకపోయినా ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్ సిలబస్ డౌన్‌లోడ్ చేసి, అందులో ఎకాలజీ భాగం మాత్రం చదవండి.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. ‘ఎకలాజికల్ ఇంజనీర్ కావలెను’ అనే ప్రకటన మన వైపు నేనైతే చూడలేదు. ఇంటర్వ్యూలో అడిగేది ఆటోక్యాడ్, ఎస్టిమేట్, డ్రైనేజీ డిజైన్. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌కు వెళ్లిన మీ క్లాస్‌మేట్లతో పోలిస్తే చిన్నదే, ఇంట్లో ఆ మాట ముందే చెప్పి పెట్టండి. పనికి మాత్రం కొదవ లేదు. 2021లో మొదలైన కేంద్ర పట్టణ పథకం అమృత్ 2.0లో చెరువుల పునరుద్ధరణ కూడా ఒక భాగం. ఇందులో నిలబడాలంటే ఎస్టిమేట్ రాయడం రావాలి. రాతి పరుపుకు ప్రభుత్వ రేట్ల పుస్తకంలో రేటు సిద్ధంగా ఉంటుంది. జమ్ము నాటి రెండేళ్లు కాపాడే పనికి మీరే రేటు కట్టి, పై ఆఫీసులో ఒప్పించాలి. మంచి ఆలోచనలు చాలావరకు ఆగిపోయేది ఆ టేబుల్ దగ్గరే.

ఈలోగా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు పానగల్ ఉదయ సముద్రంలాంటి పెద్దది ఎత్తుకోకండి. ఊరి అంచున ఒక కుంట చాలు. మ్యాపులు గీసే క్యూజీఐఎస్, వాన నీళ్ల పారుదల లెక్కగట్టే ఎస్‌డబ్ల్యూఎంఎం సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. ఇస్రో వెబ్‌సైట్ భువన్‌లో మ్యాపులు దొరుకుతాయి. ఒర్రెలు (చిన్న వాగులు) ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తాయో గీయండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ (కట్టడాలు లేని ఖాళీ జాగా) వదలాలని మన బిల్డింగ్ రూల్స్‌లో ఉంది. ఆ గీత లోపల ఇప్పుడు ఏముందో నడిచి రాసుకోండి. ఎండాకాలం ఒకసారి, అలుగు పారేటప్పుడు ఒకసారి వెళ్లండి. అక్కడి మొక్కల పేర్లు తెలియకపోతే డిగ్రీ కాలేజీ బాటనీ లెక్చరర్‌ను వెంట తీసుకెళ్లండి, అడిగితే చాలామంది వస్తారు. గైడ్ ఒప్పుకోకపోతే టైటిల్‌లో ఎకాలజీ అన్న మాట తీసేసి ‘స్టార్మ్ వాటర్ డ్రైనేజీ డిజైన్’ అని పెట్టండి. లోపల చేసే పని అదే.