కార్నివాల్‌లో ముందు బట్టను చూడండి

బ్రెజిల్ కార్నివాల్‌లో నల్లజాతి వారసత్వాన్ని చూపే ఇప్పటి కళ ఎక్కడ దొరుకుతుంది, రియో చూస్తే సరిపోతుందా అని అడిగారు. ఉద్యోగం మీద కొన్నాళ్లు బ్రెజిల్ ఈశాన్య తీరంలోని సాల్వడార్ నగరంలో ఉన్నాను. రియో తప్పకుండా చూడండి, కానీ సాల్వడార్ మాత్రం వదలొద్దు. అక్కడ డప్పుల కంటే ముందు బట్టల మీద కన్నేయండి.

1974లో కురుజు అనే పేటలో ఇలె ఐయె పుట్టింది. నల్లవాళ్లు తమ కోసం తామే పెట్టుకున్న బృందం అది; ఆఫ్రికా వారసత్వాన్ని చాటే 'బ్లోకో ఆఫ్రో' అనే కార్నివాల్ బృందాల్లో మొదటిది. పేరున్న బృందాలు వాళ్లను రానిచ్చేవి కావు మరి. తీరా 1975లో వీధిలోకి వస్తే, జాతివివక్ష చూపిస్తున్నది వీళ్లేనని ఒక పత్రిక ఎదురు నింద వేసింది! ఏటా ఒక ఆఫ్రికా దేశాన్నో, ఒక తిరుగుబాటునో ఎంచుకుని, ఆ కథను బట్ట మీద అచ్చు వేయించి అందరూ అదే కట్టుకుంటారు. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. దాదాపు పాతికేళ్లు ఆ డిజైన్లు గీసింది జె. కూన్యా అనే చిత్రకారుడు. మన కలంకారీలో రామాయణం చూసినట్టే ఆ గుడ్డలో చరిత్ర చూడొచ్చు.

శనివారం రాత్రి బృందం బయల్దేరేటప్పుడు నా పక్కన నిలబడ్డ పెద్దావిడ చేతిలో పాత కార్నివాల్ బట్టల ముక్కలతో కుట్టిన సంచి ఉంది. ఒక్కో ముక్క మీద వేలు పెట్టి, ఇది ఏ దేశం, ఆ ఏడు ఏ పాట అని ఓపిగ్గా చెప్పింది. ఏ మ్యూజియంలోనూ నాకంత బాగా అర్థం కాలేదు.

అల్బెర్తో పిట్టా అనే కళాకారుడి పనీ చూడండి. ఆఫ్రికా మూలాలున్న బ్రెజిల్ మతం కాండోంబ్లేలోని దేవతల గుర్తులను, ఉరుముల దేవుడు షాంగో రెండంచుల గొడ్డలి లాంటివాటిని, స్క్రీన్ ప్రింట్‌లో బట్ట మీదికి తెస్తాడు. 1998లో కొర్టెజో ఆఫ్రో బృందాన్ని పెట్టిందీ ఆయనే. 2024లో సిడ్నీ బియెన్నాలే అనే పెద్ద కళా ప్రదర్శనలో ఆ బట్టలు వేలాడదీశారంటే నాకెంత సంతోషమేసిందో!

మనవాళ్లకు ఆసక్తిగా ఉండే విషయం ఇంకోటుంది. 1949లో అక్కడి ఓడరేవు కూలీలు మన గాంధీ పేరు మీద ఫిల్యోస్ జి గాంధీ అనే బృందం పెట్టారు. తెల్లబట్టలు, తెల్ల తలపాగా, నీలం తెలుపు పూసల దండలు. ఇప్పటికీ వేల మంది మగవాళ్లు అలాగే నడుస్తారు.

ఇలె ఐయెలో నడిచేది మాత్రం నల్లవాళ్లే, కాబట్టి వాళ్ల డ్రెస్ కోసం అడగకండి. కురుజుకి చీకటి పడకముందే చేరుకుని, పక్కన నిలబడి చూడండి.