డాక్టర్ సలహా: పోకర్ టేబుల్ దగ్గర చేతులు వణకకుండా మాత్ర ఏదైనా ఉందా?

ప్రశ్న: నా వయసు 38. వరంగల్‌లో విత్తనాలు, పురుగు మందుల షాపు నడుపుతున్నాను. దసరాకు, దీపావళికి అందరితో కలిసి పత్తాలాడటం చిన్నప్పటి నుంచి అలవాటే. మూడేళ్ల క్రితం దోస్తులతో గోవా పోయినప్పుడు పోకర్ నేర్చుకున్నాను. అప్పటి నుంచి రెండు మూడు నెలలకోసారి పోతున్నాం. గత ఏడాది ఒక్క ట్రిప్పులోనే 2,84,000 రూపాయలు గెలిచాను. ఆ తర్వాత వరుసగా అయిదు ట్రిప్పులు దెబ్బే. నాలుగైదు లక్షలు పోయి ఉంటాయి. పెద్ద పాట్ (టేబుల్ మధ్యలో అందరూ పెట్టిన పందెం సొమ్ము) నడుస్తున్నప్పుడు చేతులు వణుకుతున్నాయి. ఒకసారి స్మార్ట్ వాచీలో గుండె వేగం 128 చూపించింది. ఇంటికి వచ్చాక కూడా రాత్రి మూడింటికి మెలకువ వస్తోంది, ఓడిపోయిన ఆటలే కళ్ల ముందు తిరుగుతున్నాయి. మెడికల్ షాపులో చూపించుకుంటే బీపీ 148/94 ఉంది. చిన్నప్పటి ఆయాసానికి ఇప్పటికీ చలికాలంలో ఇన్‌హేలర్ వాడతాను. వేరే మందులేవీ లేవు. ఒక దోస్తు తాను వాడే టెన్షన్ మాత్ర ఇస్తానంటున్నాడు. స్టేజి ఎక్కేవాళ్లు వేసుకునే మాత్ర ఇంకొకటి ఉందట. ఏది మంచిది? ఆట నాకు బాగానే తెలుసు, టైం బాగాలేకనే పోతోందా? చిట్టీ ఎత్తిన డబ్బు షాపు సరుకులో పెట్టానని మా ఆవిడ అనుకుంటోంది. వచ్చే నెలకు మళ్లీ గోవా టికెట్లు బుక్ అయ్యాయి. పోవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి బీపీ, గుండె దడ, నిద్ర కనిపించాయి. రెండోసారి ఒక చిన్న విషయం దగ్గర ఆగిపోయాను. గెలిచిన సొమ్మును 2,84,000 అని వేలతో సహా రాశారు. పోయిన సొమ్ము దగ్గరికి వచ్చేసరికి ‘నాలుగైదు లక్షలు పోయి ఉంటాయి’ అన్నారు. నాలుగుకూ అయిదుకూ మధ్య లక్ష రూపాయల తేడా ఉంది. రైతులకు ఉద్దెర ఇచ్చిన ప్రతి ప్యాకెట్టు, ప్రతి డబ్బా ఖాతా పుస్తకంలో ఎక్కించే వ్యాపారం మీది. అలాంటి మీకు ఒక లక్ష ఉందో పోయిందో తెలియడం లేదు. బీపీ కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే.

ముందు మాత్రల సంగతి. రెండూ వద్దు. స్టేజి ఎక్కేవాళ్లు వేసుకుంటారని మీరు విన్నది ప్రొప్రనలాల్ అయి ఉంటుంది. అది గుండె వేగాన్నీ చేతుల వణుకునూ తగ్గించే మాట నిజమే. కానీ అదే మందు ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. ఆయాసం (ఆస్తమా) ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి రావచ్చు. ఆ సమయంలో మీరు వాడే ఇన్‌హేలర్ కూడా సరిగా పనిచేయకపోవచ్చు. ఊరు కాని ఊళ్లో, అర్ధరాత్రి, ఆ పరిస్థితి మీకు రాకూడదు. ఇక మీ దోస్తు ఇస్తానన్న మాత్ర పేరు రాయలేదు. ఇలా చేతులు మారే టెన్షన్ మాత్రలు ఎక్కువగా ఆల్ప్రజోలామ్ రకానివే ఉంటాయి. కొన్ని వారాల్లోనే ఒంటికి అలవాటవుతాయి, మద్యంతో కలిస్తే శ్వాసే మందగించవచ్చు. పైగా ఇవి భయాన్ని చంపేస్తాయి. డబ్బు పెట్టే చోట కూర్చున్న మనిషికి ఆ కాస్త భయం కూడా లేకుండా చేయడానికి నేను చీటీ రాయలేను.

బీపీ విషయానికి వస్తే, మెడికల్ షాపులో నిలబడి ఒక్కసారి చూపించుకున్న అంకెతో జబ్బు ఉందని గానీ లేదని గానీ తేల్చకూడదు. ఇంట్లోకి మోచేతి పైభాగానికి కట్టే డిజిటల్ మిషన్ తెచ్చుకోండి. వారం రోజులు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక చూసి రాసుకోండి. దానికి అరగంట ముందు చాయ్, సిగరెట్ వద్దు. ఇంట్లో చూసిన సగటు 135/85 దాటితే ఫిజీషియన్ దగ్గర మందు మొదలుపెట్టాల్సి రావచ్చు. ఒక ఈసీజీ, థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించండి. చేతుల వణుకు, దడ, నిద్ర పట్టకపోవడం థైరాయిడ్ ఎక్కువైనా వస్తాయి. అన్నిటికీ ఆటనే కారణం అనుకుని అసలు జబ్బును వదిలేయకూడదు.

పరీక్షలన్నీ బాగానే వచ్చాయనుకుందాం. అప్పుడు గుండె వేగం ఆ 128 ఎక్కడిది? మీరు కుర్చీలోంచి కదలలేదు, చేతిలో రెండు కార్డులే ఉన్నాయి. కానీ పాట్‌లో పెట్టింది షాపు డబ్బు. ఆ సమయంలో ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది, కుక్క వెంటపడితే పొంగినట్టే. ఆ ఉద్వేగానికి పరుగు తీస్తే అది ఖర్చవుతుంది. మీరేమో ముఖంలో ఏదీ కనపడనీయకుండా రాయిలా కూర్చోవాలి, పోకర్ అడిగేదే అది. రాత్రంతా ఇలా నలభై యాభై సార్లు పొంగి ఆగుతుంది. మధ్యలో కాఫీ, ఎనర్జీ డ్రింకు. తాగిన కాఫీలోని కెఫీన్‌లో దాదాపు సగం అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. తెల్లవారుజామున గదికి వచ్చి పడుకుంటే నిద్ర ఎలా వస్తుంది? ఇంటికి వచ్చిన తర్వాత మూడింటికి మెలకువ రావడం ఆ అలవాటుకు కొనసాగింపే.

నిద్ర లేకపోతే మెదడు రిస్కును చూసే తీరు మారుతుంది. వచ్చే లాభం పెద్దదిగా కనిపిస్తుంది, పోయే డబ్బు గుచ్చుకోవడం తగ్గుతుంది. రాత్రి పదింటికి మీరు పారేసే కార్డులనే తెల్లవారి నాలుగింటికి పట్టుకుని కూర్చుంటారు. ఓడిన కోపంలో, పోయిన సొమ్మును అక్కడికక్కడే లాక్కోవాలని అదుపు తప్పి ఆడటాన్ని ఆటగాళ్లు టిల్ట్ అంటారు. మీ అయిదు ట్రిప్పుల్లో ఎక్కువ డబ్బు ఏ గంటల్లో పోయిందో గుర్తు తెచ్చుకుని చూడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. అందరూ నష్టాన్నే చెడుగా చూస్తారు. నాకైతే మీ 2,84,000 గెలుపే ఎక్కువ హాని చేసిందనిపిస్తోంది. గెలుపు ఖాయమైతే మెదడు కాసేపటికి విసుగెత్తి ఊరుకుంటుంది, ఓటమి ఖాయమైతే లేచి వచ్చేస్తుంది. రావచ్చు, రాకపోవచ్చు అన్నచోటే డోపమైన్ అనే రసాయనం మనిషిని లేవనివ్వదు. ఒక పెద్ద గెలుపు తగిలిందా, ఆ తర్వాతి అయిదు దెబ్బలను అది పక్కకు తోసేస్తుంది. మీరు ఒకదాన్ని అంకెలతో గుర్తుపెట్టుకుని మిగతావాటిని అందాజాగా చెప్పడం ఇందుకే. అది మీ తప్పు కాదు. అలాగని దాన్ని అలాగే వదిలేయనూ వద్దు.

‘టైం బాగాలేకనా?’ అని అడిగారు. పోకర్‌లో నేర్పు లేదని నేను అనను. ఏ రైతు బాకీ ఎప్పుడు కడతాడో ముఖం చూసి పసిగట్టే వ్యాపారికి అక్కడ కొంత కలిసొస్తుంది కూడా. కానీ లెక్క చూడండి. డీలర్ పంచే టేబుల్ దగ్గర గంటకు 25 నుంచి 30 హ్యాండ్‌లు నడుస్తాయి (కార్డులు ఒకసారి పంచినప్పటి నుంచి ఆ పాట్ తేలేదాకా ఒక హ్యాండ్). ట్రిప్పుకు రెండు రాత్రులు, రాత్రికి ఎనిమిది గంటలు అనుకుంటే 450 దాకా వస్తాయి. మీరు చెప్పిన ఆరు ట్రిప్పులూ కలిపినా మూడు వేల లోపే. రెండు ఆసులు చేతికి రావడమే సగటున 221 హ్యాండ్‌లకు ఒకసారి. వచ్చాక ఎదుటివాడి దగ్గర రెండు రాజులుంటే, మొత్తం డబ్బు పెట్టి చివరిదాకా ఆడినా, అయిదింట్లో దాదాపు ఒకసారి మీరు ఓడిపోతారు. అలాంటి రెండు మూడు హ్యాండ్‌లు అటో ఇటో పడితే మీ ఏడాది మొత్తం తారుమారవుతుంది. రోజూ ఆడేవాళ్లు తమ ఆట లాభమో నష్టమో తేల్చుకోవడానికి పదుల వేల హ్యాండ్‌ల రికార్డు చూసుకుంటారు. అందుకే మీ 2,84,000 మీ నేర్పుకు రుజువు కాదు, పోయిన లక్షలు మీ దురదృష్టానికీ రుజువు కావు. ఇంత కొద్ది ఆటతో ఏదీ తేలదు. తేలేది ఒక్కటే, గెలిచినా ఓడినా ప్రతి పాట్ నుంచో, గంట చొప్పునో నిర్వాహకులు తమ వాటా తీసుకుంటారు. దానికి తోడు ప్రయాణం, హోటల్, తాగుడు, తిండి.

ఇది అలవాటా, జబ్బా అనేదానికి మేము మొదట రెండు ప్రశ్నలు అడుగుతాం. పెట్టే డబ్బు పెంచుకుంటూ పోవాలనిపించిందా? ఎంత ఆడారో దగ్గరివాళ్లకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి అవునన్నా లోతుగా చూడాల్సిందే. రెండోదానికి మీరు ఉత్తరంలోనే జవాబిచ్చారు. జూదం వ్యసనాన్ని 2013లో అమెరికా మానసిక వైద్యులు మద్యం, మత్తు పదార్థాల వ్యసనాల సరసన చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ ఉంది. మీకు ఆ జబ్బు ఉందని ఉత్తరం చూసి ముద్ర వేయను. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాకే చెప్పాలి.

మీకు వర్తించకపోయినా ఇతర పాఠకుల కోసం ఒక మాట. పార్కిన్సన్స్‌కు, కాళ్ల పీకులాట జబ్బుకు ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులతో కొందరిలో ఎన్నడూ లేని జూదం పిచ్చి మొదలవుతుంది. పెద్దవయసులో నాన్న హఠాత్తుగా పత్తాలకో, లాటరీకో డబ్బు తగలేస్తుంటే తిట్టేముందు మందుల చీటీ చూడండి. సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్‌కు చెప్పండి.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన పని, ఇంట్లో చెప్పడం. ఎవరో తెలియకుండా వివరాలు మార్చి ఒకరి సంగతి చెబుతాను. కరీంనగర్ వైపు ఒక కాంట్రాక్టర్ భార్యతో కలిసి నా దగ్గరికి వచ్చారు. ఆమె ఎదుటే ఆయన అప్పులన్నీ చెప్పేశాననీ, ఇక ఏమీ లేదనీ అన్నారు. మూడు పేర్లు చెప్పారు, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన నాలుగో పేరు దాచారు. నెల తిరక్కముందే ఆ నాలుగో మనిషి ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాడు. మళ్లీ వచ్చినప్పుడు ఆమె కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, ‘పోయిన పైసల బాధ కాదు సార్, ఇంకెంత దాచిండో అని రోజూ భయమైతున్నది’ అన్నారు. ఆయన ఆట మానేయడానికి ఆర్నెల్లు పట్టింది. ఆమె భయం పోవడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

అందుకే మీ ఆవిడకు చెప్పేముందు కొత్త నోటుబుక్కు తీసుకోండి. మొదటి ట్రిప్పు నుంచి తేదీ, తీసుకెళ్లింది, తెచ్చింది, ప్రయాణ ఖర్చు రాయండి. బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే చరిత్ర పక్కన పెట్టుకుంటే దాదాపు అంతా దొరుకుతుంది. చిట్టీ, చేబదులు, మిత్తి అప్పులు మరో పేజీలో. మొత్తం ఒకేసారి చూపించండి, విడతలు విడతలుగా వద్దు. ఆ రోజు ఆమె ఏమన్నా పడండి. కొన్నాళ్ల పాటు షాపు గల్లా సాయంత్రం ఆమె చేతికి ఇవ్వండి, మీ ఫోన్‌లో రోజువారీ డబ్బు పంపే పరిమితిని తగ్గించుకోండి. గోవా మానేసి సెల్‌ఫోన్ పోకర్‌కు మారడం మందు కాదు. డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. మన రాష్ట్రంలో క్లబ్బుల్లో డబ్బు పెట్టి ఆడటానికీ 2017 సవరణ తర్వాత జూదం చట్టం ఒప్పుకోదు.

డాక్టర్ దగ్గరికి వస్తే ఈ సంగతి పోలీసులకో బంధువులకో తెలుస్తుందని చాలామంది జంకుతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీరు చెప్పింది గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత మాది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది, వేల రూపాయలు పెట్టి హైదరాబాద్ పరుగెత్తనక్కర్లేదు. ఆలోచనా తీరును మార్చే కౌన్సెలింగ్ దీనికి ప్రధాన చికిత్స. కోరిక మరీ బలంగా ఉన్న కొందరికి మందులు కూడా ఇస్తాం. బయటికి రావడం ఇబ్బందైతే 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, ప్రభుత్వ ఉచిత సేవ, 24 గంటలూ తెలుగులో మాట్లాడవచ్చు. అప్పుల మధ్య ఎప్పుడైనా చచ్చిపోతే బాగుండనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ క్షణమే ఇంట్లోవాళ్లను లేపి అదే నంబరుకు చేయండి.

వచ్చే నెల గోవాకు పోవద్దు. టికెట్లు ఈరోజే రద్దు చేసుకోండి, పోయే డబ్బు పోనీయండి. దోస్తులకు పెద్ద కారణాలు చెప్పాల్సిన పని లేదు. బీపీ ఎక్కువుంది, డాక్టర్ వద్దన్నాడని చెప్పండి, నా మాటగానే చెప్పండి. వారం రోజుల బీపీ అంకెలు, ఈసీజీ, ఆ నోటుబుక్కు పట్టుకుని మీకు దగ్గర్లోని మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి. వీలైతే మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి.