పత్తికొండ కుర్రవాడికి

అనంతపురం

నాయనా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "పైన గట్టి మనిషి కూర్చుంటే దేశం బాగుపడుతుంది" అని మొదలుపెట్టి, సైనిక పాలకుడు పార్క్ చుంగ్ హీ ఏలిన దక్షిణ కొరియాను చూపించి, పెనుకొండలోని కొరియావాళ్ల కియా కార్ల ఫ్యాక్టరీ దగ్గర ఆపావు. చదివించే గుణం ఉంది. కానీ పండిన చేను ఒక్కటే చూపించి ఎండిన చేలు దాచేశావు. ఉత్తర కొరియాలోనూ గట్టివాళ్లే ఏలారు, 1990లలో అక్కడ జనం తిండిలేక చచ్చిపోయారు. జైరేలో, అంటే ఇప్పటి కాంగోలో, మొబుటు 32 ఏళ్లు గద్దె మీద ఉన్నాడు. నేల కింద రాగి, కోబాల్టు. ఆయన సొంతూళ్లో మాత్రం కాంకార్డ్ విమానం దిగే రన్‌వే!

పాలకుడు తప్పు చేస్తే చెప్పేదెవరు, చెప్పినవాడు తెల్లారేసరికి ఇంట్లోనే ఉంటాడా? నీ వ్యాసంలో ఈ ప్రశ్నే లేదు. చైనాలో 1958 తర్వాత అధికారులు భయపడి లేని పంటను లెక్కల్లో పండించారు. ఆ లెక్క ప్రకారమే ధాన్యం ఎత్తుకుపోయారు. కోట్లమంది పోయారు. 1978లో షావోగాంగ్ ఊళ్లో 18 ఇళ్లవాళ్లు ఉమ్మడి సాగు భూమిని ఇంటింటికీ పంచుకుంటామని దొంగచాటుగా కాగితం రాసుకున్నారు. ఎవరైనా జైలుకు పోతే వాళ్ల పిల్లల్ని మిగతావాళ్లు సాకాలని అందులో ఒక షరతు. నీ నాలుగు పేజీలకంటే ఆ షరతే నాకు ఎక్కువ చెప్పింది. పైవాళ్లు అణచలేదు కాబట్టి ఆ పద్ధతి దేశమంతా పాకింది. అణచి ఉంటే అడిగే దిక్కు లేదు.

అంతదూరం ఎందుకు, కంపెనీ కాలపు దొర థామస్ మన్రో 1827లో కలరాతో పోయింది మీ పత్తికొండలోనే కదా. మనవాళ్లు కొడుకులకు ఆయన పేరు కూడా పెట్టుకున్నారు. దత్తమండలాల (మన రాయలసీమ వైపు జిల్లాల) కలెక్టరుగా ఉండి, శిస్తు నాలుగోవంతు తగ్గించాలని 1807లో రాశాడు. మద్రాసువాళ్లు వినలేదు. ఆయన వెళ్లాక ఊళ్లను గుత్తకిచ్చారు. ఆయనే గవర్నరై 1820లో తిరిగొస్తే గానీ ఆ తగ్గింపు రాలేదు. దొర మంచివాడైనా పదమూడేళ్లు పట్టింది. ఆ మధ్య రైతు ఏం తిన్నాడో, ఎవరికి అర్జీ పెట్టుకున్నాడో పాత రికార్డుల్లో వెతుకు. నీ వ్యాసం అక్కడ ఉంది.

పార్క్ పేరా తీసేయొద్దు. అప్పు కావాలంటే ఎగుమతి చేసి చూపించమని కంపెనీల మెడ మీద కూర్చున్నాడు, అది నిజమే. 1979లో ఆయన్ను కాల్చి చంపింది ఆయన సొంత గూఢచారి సంస్థ అధిపతే, అదీ రాయి. కొరియా జనం వీధికెక్కి తమ అధ్యక్షుణ్ని తామే ఎన్నుకునే హక్కు సాధించుకున్నది 1987లో. పెనుకొండ ప్లాంటు తెరిచింది 2019లో. మధ్యలో ఆ 32 ఏళ్లు ఎక్కడ పోయాయి?

తిరగరాసి పంపు. ఈసారి చేతిరాత కొంచెం పెద్దదిగా ఉండనీ, నా కళ్లద్దాలు పాతవి.