విత్తులు కొట్టిన పోతుల్లో మూత్రం ఎందుకు ఆగిపోతుంది? ఆశ్రయంలోని మేకలకు తవుడు, అన్నం పెట్టొచ్చా?

ప్రశ్న: కబేళాకు తరలిస్తుండగా పట్టుబడిన మేకలకు మేం ఆశ్రయం ఇస్తున్నాం. ఇప్పుడు 40 ఉన్నాయి. సగం పోతులే, అన్నిటికీ విత్తులు కొట్టించాం. రోజూ తవుడు, నూకలు, గడ్డి, దాతలు తెచ్చే అన్నం పెడుతున్నాం. పోయిన నెల ఒక పోతు రెండు రోజులు ముక్కుతూ అరిచి చనిపోయింది. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టాం. నిన్నటి నుంచి ఇంకో పోతు అలాగే చేస్తోంది. ఇది కాక, కొత్తగా వచ్చిన 11 మేకల్లో కొన్నిటికి దగ్గు, పారుడు ఉన్నాయి. ఏం చేయమంటారు?
– ఒక నిర్వాహకురాలు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: ముందు నిన్నటి నుంచి ముక్కుతున్న పోతు సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. మీరు రాసినవి మలబద్ధకం లక్షణాలు కావు. మూత్రనాళంలో రాయి అడ్డుపడిన పోతు ఇలాగే వెనక్కాళ్లు ఎడంగా పెట్టి ముక్కుతుంది, తోక ఆడిస్తుంది, అరుస్తుంది, మేత మానేస్తుంది. పెంటికలు వేస్తూ కూడా ముక్కుతోందంటే అనుమానం మూత్రం మీదే. పొడి గోనెసంచి పరిచిన చోట గంటసేపు కట్టేసి సంచి తడిసిందో లేదో చూడండి. తడవకపోయినా, చుక్కలు చుక్కలుగా ఎర్రటి మరకలు పడినా, మూత్రం వచ్చే చోట వెంట్రుకలకు ఇసుక రేణువుల్లాంటివి అంటుకుని ఉన్నా వెంటనే పశువైద్యుణ్ని పిలవండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయండి.

దారి పూర్తిగా మూసుకుపోతే మీ చేతిలో ఉండే సమయం ఒకటి, రెండు రోజులే. ఆ తర్వాత మూత్రాశయమో, మూత్రనాళమో పగులుతుంది. అప్పుడు నొప్పి తగ్గి పోతు కాస్త నెమ్మదిస్తుంది. తేరుకుందని ఇంట్లోవాళ్లు సంతోషపడతారు. కానీ పొట్టలోకి మూత్రం చేరి ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. పోయిన నెల చనిపోయిన పోతుకు జరిగింది ఇదే కావచ్చు.

డాక్టర్ వచ్చేలోగా ఆముదం పట్టొద్దు, నీళ్లు బలవంతంగా తాగించొద్దు, మూత్రం ఎక్కువగా వచ్చే మందులు ఇవ్వొద్దు. బయటికి దారి లేనప్పుడు లోపల మూత్రం పెరిగితే మూత్రాశయం ఇంకా త్వరగా పగులుతుంది. పొట్ట నొక్కడం కూడా ప్రమాదమే. దాణా పూర్తిగా ఆపేయండి.

డాక్టర్ పోతును పిరుదుల మీద కూర్చోబెట్టి, అంగాన్ని బయటికి తీసి, దాని చివర పురుగులా వేలాడే సన్నటి కొనను చూస్తారు. చాలాసార్లు రాయి చిక్కుకునేది అక్కడే. ఆ కొనను కత్తిరిస్తే కొన్ని పోతులకు ధార వచ్చేస్తుంది. విత్తులు కొట్టిన పోతుకు దానివల్ల నష్టమేమీ లేదు. అప్పటికీ రాకపోతే రాయి ఇంకా పైన ఉన్నట్టు. ఆపరేషన్ చేసి మూత్రాశయంలోకి గొట్టం వేయాల్సి రావచ్చు. ఆ వసతి గురించి విజయనగరం జిల్లాలోని గరివిడి పశువైద్య కళాశాల ఆసుపత్రిని ఈలోపే అడిగి పెట్టుకోండి. ఒకసారి ధార వచ్చిన పోతుకు వారం లోపే మళ్లీ అడ్డుపడటం మామూలే కాబట్టి పూటపూటా గమనించాలి.

ఇక కారణం. మాంసం కోసం పెంచే పోతు సాధారణంగా ఏడాది అటూ ఇటుగా అమ్ముడుపోతుంది. మీ పోతు పది, పన్నెండేళ్లు బతకాలి. అందుకే బరువు పెరగడానికి చెప్పే దాణా సలహాలు మీ మందకు సరిపోవు, హాని కూడా చేస్తాయి. ముఖ్యంగా తవుడు. మేక తినే మొత్తం మేతలో ఫాస్ఫరస్ ఒక పాలుంటే కాల్షియం రెండు పాళ్లు ఉండాలి. తవుడులో లెక్క తలకిందులు: కాల్షియం కంటే ఫాస్ఫరస్ పది రెట్లకు పైగా ఉంటుంది. నూకల్లోనూ ఫాస్ఫరసే ఎక్కువ. మిగిలిన ఫాస్ఫరస్ మూత్రంలోకి దిగి, మెగ్నీషియంతో కలిసి, ఇసుకలా మొదలై రాయి అవుతుంది. ఆడమేకల్లోనూ రాళ్లు ఏర్పడొచ్చు, కానీ వాటి నాళం పొట్టిది, వెడల్పైనది కాబట్టి బయటికి పోతాయి. చిన్న వయసులో విత్తులు కొట్టిన పోతుల్లో నాళం సరిగా ఎదగక సన్నగా ఉండిపోతుంది. ఇకమీద పోతుపిల్లలు వస్తే వీలైతే నాలుగైదు నెలలు నిండాకే మత్తు ఇప్పించి చేయించండి. అయితే మూడో నెల నుంచే వాటిని ఆడవాటికి దూరంగా ఉంచాలి.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పోతుకు దాణా అసలు అవసరం లేదు. తవుడు, నూకలు, అన్నం ఈరోజే ఆపేయొచ్చు. 30 కిలోల మేకకు రోజుకు మూడు కిలోల పచ్చి ఆకు, అర కిలో ఎండుమేత చాలు. మీ ప్రాంతంలో దొరికే పనస, రావి, మర్రి, అవిశ కొమ్మలు, వేరుశనగ కట్టె, చోడి గడ్డి మంచివి. అలాగని తవుడు మానేసి మొత్తం సుబాబుల్, అవిశల మీదే ఆధారపడొద్దు. కాల్షియం మరీ ఎక్కువైతే మరో రకం రాళ్లు వస్తాయి. పైగా సుబాబుల్‌లో ఉండే మైమోసిన్ అనే విష పదార్థం వల్ల వెంట్రుకలు రాలతాయి. పచ్చిమేతలో దాన్ని మూడో వంతు మించనివ్వొద్దు. గన్నేరు కొమ్మ మాత్రం ఒక్కటి కూడా ఆవరణలోకి రాకూడదు.

నీళ్ల విషయంలో మేక చాలా పట్టింపు మనిషిలాంటిది, పాచి వాసన వస్తే మూతి పెట్టదు. తొట్టిని రోజూ రుద్ది కడగండి. వాన పడితే మేక తడుస్తూ తొట్టి దాకా నడవదు. తుపాను ముసురు మూడు రోజులు పట్టిందంటే ఆ మూడు రోజులూ తక్కువ తాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పాక లోపల కూడా బకెట్లు పెట్టండి. రోజుకు 5 నుంచి 10 గ్రాముల ఉప్పు ఇస్తే నీళ్లు ఎక్కువ తాగుతాయి. సముద్రానికి దగ్గర్లో బోరు ఉంటే మాత్రం ముందు ఆ నీటిని పరీక్ష చేయించండి.

ఫాస్ఫరస్ రాళ్లని తేలితే డాక్టర్ మూత్రంలో ఆమ్లం పెంచే అమ్మోనియం క్లోరైడ్ రాస్తారు. కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు, అంటే 30 కిలోల పోతుకు రోజుకు 6 గ్రాములు. చేదుగా ఉంటుంది, బెల్లం నీళ్లలో కలిపి పట్టాలి. మూత్రాన్ని పీహెచ్ కాగితంతో చూడండి, 6 నుంచి 6.5 మధ్య ఉండాలి. నెలల తరబడి ఆపకుండా ఇస్తే ఎముకలు బలహీనపడతాయి కాబట్టి డాక్టర్ చెప్పిన విరామాలు పాటించండి.

దాతల అన్నం వల్ల ఇంకో ప్రమాదం ఉంది. ఆదివారం వచ్చేవాళ్లు ఒక్కొక్కరు కొంచెమే పెడతారు, కానీ అదే మేకకు అందరూ పెడతారు. అన్నం, బ్రెడ్డు, అరటిపండ్లు ఒక్కసారిగా పడితే పొట్టలో ఆమ్లం పెరిగి మేక ఒక రాత్రిలో చనిపోవచ్చు. ఇష్టంగా తినిపించాలనుకునేవారి చేతికి ఆకుల కట్ట ఇవ్వండి.

కొత్త 11 మేకలను మందకు దూరంగా, వేరే పాకలో కనీసం 30 రోజులు ఉంచండి. వాటి పని రోజులో చివర చేయాలి, వాటికి చెప్పులు, బకెట్లు వేరుగా ఉండాలి. థర్మామీటరుతో జ్వరం చూడండి. మామూలు వేడి 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్. 105 దాటి, ముక్కు, కళ్ల నుంచి చీమిడి, నోట్లో పుండ్లు కూడా ఉంటే పారుడు రోగం, అంటే పీపీఆర్ అని అనుమానించాలి. వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పి నమూనాలు తీయించండి. పాత మందలో పీపీఆర్ టీకా పడనివాటికి డాక్టర్ సలహాతో వేయించండి. జ్వరం ఉన్నవాటికి వేయించొద్దు. ఒక టీకా మూడేళ్లు కాపాడుతుంది. చిటుక రోగం టీకా మాత్రం ఏటా తొలకరికి ముందే పడాలి.

నట్టల మందు అందరికీ ఒకే మూతతో పోయొద్దు. కింది కనురెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉంటే ఆగండి. పాలిపోయి ఉన్నా, దవడ కింద నీరు దిగినా పెంటికలు పరీక్ష చేయించి మందు వేయండి. మేక శరీరం మందును త్వరగా ఖర్చు చేస్తుంది కాబట్టి గొర్రె మోతాదు చాలదు. ఫెన్‌బెండజోల్ కిలోకు 10 మిల్లీగ్రాములు ఇవ్వాలి. తూకం యంత్రం లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే గుణించి, భుజం నుంచి పిరుదు ఎముక వరకు పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగించండి. చుట్టుకొలత 27, పొడవు 26 అయితే మేక సుమారు 29 కిలోలు.

కొత్తవాటిలో ఆడమేకలు ఇప్పటికే చూలుతో ఉండొచ్చు. చూలు కాలం 150 రోజులు కాబట్టి అయిదు నెలలు గడిచేదాకా ప్రతి ఆడమేకనూ చూలుదనే అనుకోండి. వాటికి ఆల్బెండజోల్ అనే నట్టల మందు వేయొద్దు. ఈసుకుపోతే, అంటే చూలు పోతే, ఆ పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో తాకొద్దు, తొడుగులు వేసుకోండి.