ఏ పార్టీ వస్తే ప్రభుత్వం పెరుగుతుంది, ఏది వస్తే తగ్గుతుంది?

"సంక్షేమం అనే పార్టీలు ప్రభుత్వం సైజును, అంటే సిబ్బందిని, ఖర్చును పెంచుతాయి, సంస్కరణలు అనే పార్టీలు తగ్గిస్తాయి, నిజమేనా?" అని అడిగారు. నేను ఉమ్మడి రాష్ట్రంలో ట్రెజరీలో చేరి, విభజన తర్వాత ఆంధ్రాలో రిటైరయ్యాను. జీతాల బిల్లులు పాస్ చేసే సీట్లో కూర్చుంటే పార్టీల తేడా అంత తేలిగ్గా కనిపించదు.

తెలుగుదేశాన్నే తీసుకోండి. 1984లో ఎన్టీఆర్ ఊరి లెక్కలు, శిస్తు చూసే కరణం, మునసబుల వ్యవస్థను రద్దు చేశారు. మరుసటి ఏడాదే తాలూకాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. ఊళ్ళో కరణం పోయాడు సరే, మండలానికో ఎమ్మార్వో (రెవెన్యూ అధికారి), ఎండీవో (అభివృద్ధి అధికారి), వాళ్ళ కింద గుమాస్తాలు, జీపులు! దీన్ని తగ్గడం అంటామా?

అదే పార్టీలో చంద్రబాబు హయాం వేరు. ప్రపంచబ్యాంకు అప్పు, 1999లో విద్యుత్ బోర్డు విభజన, నిజాం షుగర్స్‌లో ప్రైవేటు వాటా, భర్తీకాని ఖాళీలు. కానీ ఆఫీసులో పని ఆగదు కదా. రిటైరైన అటెండర్ సీట్లోకి ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ పంపిన కుర్రాడు వచ్చాడు. రెగ్యులర్ వాళ్ళ జీతం 010 పద్దులో, ఇతనిది కాంట్రాక్టు సేవల పద్దులో. కాగితం మీద ఉద్యోగి తగ్గాడు. తర్వాత వచ్చిన కాంగ్రెస్‌ కూడా ఈ అలవాటు మానలేదు. 2007లో వైఎస్ తెచ్చిన ఆరోగ్యశ్రీతో ఖర్చు బాగా పెరిగింది, కానీ అందులో చాలా డబ్బు ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్ళింది. ఖర్చు పెరిగినంత మాత్రాన సిబ్బంది పెరిగినట్టు కాదు.

సిబ్బందిని నిజంగా పెంచింది జగన్ ప్రభుత్వం. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల పేరుతో లక్షకు పైగా కొత్త పోస్టులు, 2020 జనవరిలో ఆర్టీసీ విలీనంతో సుమారు 50 వేల మంది. 2024లో ప్రభుత్వం మారింది. నెలకు 5 వేల గౌరవ వేతనం మీద పనిచేసిన వాలంటీర్లను కొనసాగించలేదు. సచివాలయాల ఉద్యోగులు మాత్రం ఉన్నారు. సర్వీస్ రూల్స్‌లోకి వచ్చినవాణ్ణి ఇంటికి పంపడం ఏ ముఖ్యమంత్రికైనా కష్టమే.

తెలంగాణలోనూ అంతే. కేసీఆర్ 10 జిల్లాలను 33 చేశారు. 2020లో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థను రద్దు చేసినా వాళ్ళను ఇతర శాఖల్లో సర్దారు. 2025లో కాంగ్రెస్ ప్రభుత్వం గ్రామ పాలనాధికారుల పేరుతో ఊళ్ళలో రెవెన్యూ ఉద్యోగులను మళ్ళీ పెట్టింది.

నా లెక్కలో పార్టీ పేరు కన్నా, ఆ ఏడాది చేతిలో డబ్బు ఉందా, ఎన్నికలు ఎంత దూరంలో ఉన్నాయి అన్నదే ఎక్కువ నిర్ణయిస్తుంది. మీరే చూసుకోవాలంటే మేనిఫెస్టోలు పక్కన పెట్టి, బడ్జెట్‌లో జీతాలు, పెన్షన్లు, కాంట్రాక్టు సేవలు మూడూ కలిపి చూడండి. ఒక్క జీతాల పద్దే చూస్తే ఎవరైనా పొదుపరిలానే కనిపిస్తారు.