టీ ఏ గ్లాసులో ఇస్తున్నారు?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది భీమవరం. సెమీ క్రిస్మస్‌కి మా స్త్రీల సమాజం తరఫున 40 మందికి దుప్పట్లు పంచాం. ఆ ఫోటో స్టేటస్ పెట్టుకున్నాను. మా అమ్మాయి చూసి, "అమ్మా, నీ చేత్తో దుప్పటి తీసుకుంటున్నావిడ మన పనమ్మాయి అత్తగారే కదా! పొద్దున్నే ఆ అమ్మాయి 2,000 అడ్వాన్సు అడిగితే, నెలనెలా ఇదే పాట అని కసిరావు" అంది. రెండు రోజులుగా ఆ మాటే గుచ్చుకుంటోంది. విశ్వాసిగా రోజూ దయగా ఉండటానికి నాలుగు సూచనలు చెప్పండి. - ఒక సోదరి

జవాబు: వందనాలు తల్లీ. నాలుగు సూచనలంటే ఫ్రిజ్ మీద అంటించుకుని మర్చిపోతాం. నేనూ అంతే. సగం జవాబు మీ అమ్మాయే చెప్పేసింది, మిగతాది చూద్దాం.

దుప్పట్లు పంచడం తప్పనను (మన గోదావరి జిల్లాల చలికి అవి ఎంత అవసరమన్నది వేరే సంగతి). ఆ ఫోటో మాత్రం తీసేయండి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నాడు ప్రభువు. మనం ఫ్లెక్సీలు కొట్టిస్తున్నాం.

పరాయి చేలో పరిగ (కోతల్లో రాలిన వెన్నులు) ఏరుకున్న బీద విధవరాలు రూతు కథ నేను బైబిల్లో చదవకముందే చూశాను. కోతల రోజుల్లో మా అమ్మ పరిగ ఏరేది, కొంగు పట్టుకుని వెనకాల నేను. వరి కొయ్యలు అరికాళ్లలో దిగేవి. పనలన్నీ మోసేశాక కూడా కొందరు రైతులు మమ్మల్ని గట్టు దిగనిచ్చేవారు కాదు. ఒకాయన మాత్రం కుప్పకు మోయిస్తూ, "ఆ మూలవి వదిలేయండ్రా, తడిసిపోయాయి" అనేవాడు. వెళ్లి చూస్తే ఒక్క పనా తడిసి ఉండేది కాదు. మావైపు తలెత్తి కూడా చూసేవాడు కాదాయన. చర్చి మొహం ఎరగని మనిషి. రూతు పరిగ ఏరిన పొలం ఆసామి బోయజు చేసిందీ ఇదే. ఆమె కోసం పిడికెళ్లు పడేయండి, గద్దించకండి అని పనివాళ్లకు చెప్పాడు గానీ రూతుతో ఆ మాట అనలేదు. రెండో అధ్యాయం ఇంకోసారి చదవండి.

జీతం సంగతి. కూలివాడి కూలి పొద్దుగూకక ముందే ఇచ్చేయమని బైబిల్లో ద్వితీయోపదేశకాండం 24లో ఉంది. అతడు బీదవాడు, దానిమీదే ఆశ పెట్టుకుని ఉంటాడు అని కారణం కూడా అక్కడే ఉంది. ఒకటో తారీఖున ఆ అమ్మాయి గిన్నెలు తోముతూ తోముతూ "అమ్మా..." అని నసగాల్సిన పని పెట్టకండి.

ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆమెకు టీ ఏ గ్లాసులో ఇస్తున్నారు? నేను నర్సుగా చేసి రిటైరయ్యాను, ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలూ చెప్పాను. అయినా మా వంటింటి కిటికీలో ఒక స్టీలు గ్లాసు విడిగా ఉండేది. అమ్మ ఊరి నుంచి వచ్చి, దాహమేసి ఆ గ్లాసే అందుకుంది. "అది కాదమ్మా, అది పనామెది" అన్నాను. ఊళ్లో టీ హోటల్ బయట చూరులో దోపిన గ్లాసులో టీ తాగి పెరిగిన మనిషి ఆవిడ. పల్లెత్తు మాట అనలేదు. ఆ గ్లాసుతోనే నీళ్లు తాగి, కడిగి, మా గ్లాసుల మధ్యలో బోర్లించింది. ఆ తర్వాత దాన్ని మళ్లీ కిటికీలో పెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

అడ్వాన్సు గురించి. ప్రతిసారీ ఇచ్చితీరాలని నేననను. మీ ఇంటి లెక్కలు మీకుంటాయి. చేతిలో లేకపోతే "ఈసారి లేవమ్మా" అనండి, అక్కడితో ఆపండి. ఆమె మొగుడి తాగుడు, చీటీల అప్పులు అన్నీ తవ్వక్కర్లేదు. ఈ 2,000 మాత్రం ఇవ్వగలిగితే రేపే ఇచ్చేయండి, కసిరినందుకు ఏమీ అనుకోవద్దని కూడా చెప్పండి. నెలకు 500 చొప్పున పట్టుకోండి. ఈ డిసెంబరు జీతంలో మాత్రం పట్టుకోకండి, వాళ్లకూ పండగే కదా.